పోర్చుగల్ పీపా - మన కల్లు లొట్టి

అల్మారా లేని ఇల్లుందా? ఇస్త్రీ పెట్టె పట్టని ఇల్లాలుందా? మేస్త్రీని పిలవకుండా గోడ లేస్తుందా? ఈ మాటలన్నీ అచ్చంగా మనవే అనుకుంటాం. కానీ ఇవి పోర్చుగీసు వాళ్ళు మన దేశానికి ఓడలేసుకుని వచ్చినప్పుడు వాళ్ళ నోటి నుంచి మన నోటికి ఎక్కిన మాటలు. బొప్పాయి, అనాస పేర్లూ ఆ కోవలోవే. ఆఖరికి మన పచ్చళ్ళకు ప్రాణమైన మిరపకాయను ఈ గడ్డకు తెచ్చిందీ వాళ్ళే. అదే వరసలో ఇంకో మాట ఉంది - పీపా! మనం నూనె పీపా అంటాం, తారు పీపా అంటాం. వాళ్ళ భాషలోనూ అది పీపాయే. కాకపోతే అందులో వాళ్ళు పోసేది నూనే కాదు, తారూ కాదు. వైన్!

"ఇదేం చోద్యం, వంటల పేజీ పక్కన ఈవిడ తాగుడు సంగతులు మొదలుపెట్టింది" అని ముక్కున వేలేసుకోకండి. తాగమని చెప్పడానికి కాదు నేను కలం పట్టింది. ఎందుకు పట్టానో చెప్తాను.

మాది నల్గొండ జిల్లా కట్టంగూరు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ ఇంకా రాకముందు తగులుతుంది. రాళ్ళ గుట్టలు, బత్తాయి తోటలు, గట్ల మీద తాళ్ళు. మాకు వైన్‌తో పనేముంటుంది? మా దగ్గర 'వైన్స్' అని బోర్డు పెట్టిన దుకాణాల్లో దాదాపు అన్నీ దొరుకుతాయి, వైన్ ఒక్కటి తప్ప!

పని ఎలా పడిందంటే, మా అమ్మాయి హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది. ఈ ఏడాది పుస్తకంలో ఏ దేశంలో ఏ వైన్ చేస్తారు, ఏ కూరతో ఏది ఇవ్వాలి, ఏ గ్లాసులో ఎంత పొయ్యాలి అని పెద్ద పాఠం వచ్చింది. సెలవులకు ఇంటికి వచ్చి పైకి చదువుతుంటే మా వారి చెవిన పడింది. పుస్తకం మూసి అవతల పెట్టేశారు. "ఆడపిల్ల సీసాల పేర్లు బట్టీ పట్టే చదువు మనకొద్దు. మానిపించి డిగ్రీలో చేర్పిద్దాం" అన్నారు.

ఆయన బాధ నాకు తెలుసు. మా వాడకట్టులోనే సారాకు పుస్తెలు అమ్ముకున్న ఇల్లుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి లేచిన సంగతి మన వయసు వాళ్ళెవరూ మరిచిపోలేదు. దాని వేడికే 1993 అక్టోబరులో సారా బంద్ అయ్యింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు. 1997లో మళ్ళీ తలుపులు తెరిచారు, అది వేరే కథ. అలాంటి కాలం చూసిన తండ్రి తన బిడ్డ చేతిలో వైన్ పాఠం చూసి ఊరుకుంటాడా?

నేను ఒక్క మాటే అన్నాను. "మానిపించడం ఎంత సేపు? ముందు ఆ పాఠంలో ఏముందో నన్ను విననివ్వండి."

నేను ఇంటర్ దాకా చదివాను గానీ ఆ ఇంగ్లీషు నాకు కొరుకుడు పడదు. అమ్మాయి తెలుగులో చెబుతుంటే ఫ్రాన్సు, ఇటలీ అన్నీ చెవి పక్కనుంచి వెళ్ళిపోయాయి. పోర్చుగల్ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎందుకంటారా? అక్కడ చెప్పిందంతా మా తాళ్ళ కింద జరిగేదే!

ముందుగా ఒక మాట. వైన్‌ను తెలుగులో ద్రాక్షసారా అని రాసేస్తుంటారు. నన్నడిగితే అది సరికాదు. సారా అంటే పులిసినదాన్ని పొయ్యి మీద పెట్టి కాచి, ఆవిరి పట్టి దించేది. వైన్‌కు పొయ్యి అక్కర్లేదు. ద్రాక్షరసం తనంతట తాను పులుస్తుంది, అంతే. కాబట్టి దాన్ని ద్రాక్షకల్లు అనాలి. దోసెల పిండి రాత్రి రుబ్బిపెడితే తెల్లారేసరికి పొంగుతుంది కదా. కంటికి కనిపించని సూక్ష్మజీవులు గాలి పుట్టించి దాన్ని ఉబ్బిస్తాయి. తాటి గెల కోసిన చోట లొట్టిలోకి దిగేటప్పుడు ఆ నీరు తియ్యగానే ఉంటుంది. ఈస్టు అనే సూక్ష్మజీవి అందులోని చక్కెర తిని గాలినీ, మత్తునూ పుట్టిస్తుంది. పొద్దున తీపి, పది గంటలకు నురగ, సాయంత్రానికి పులుపు. ద్రాక్షరసంలోనూ ఇదే జరుగుతుంది, కాస్త తాపీగా.

మరి ఆ తీపి అలాగే నిలవాలంటే? మన గౌడన్నలు లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం ఉంటే ఈస్టు పని సాగదు. ఆ తియ్యటి నీరే నీరా. పోర్చుగల్ వాళ్ళ దారి వేరు. ఆ దేశం ఉత్తరాన డౌరో అనే నది ఉంది. దాని ఒడ్డున పలకరాతి కొండల్ని మెట్లు మెట్లుగా చెక్కి ద్రాక్ష వేస్తారు. కోసిన పళ్ళను రాతి తొట్లలో పోసి, మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరసగా నిలబడి కాళ్ళతో తొక్కుతారు. ఇప్పుడు యంత్రాలొచ్చినా కొన్ని తోటల్లో ఈ తొక్కుడు ఇంకా ఉంది. రెండు మూడు రోజులు పులిసి, చక్కెర సగం మిగిలి ఉండగానే ద్రాక్ష నుంచి తీసిన ఘాటైన స్పిరిట్‌ను అందులో కలిపేస్తారు. అది 77 శాతం మత్తు ఉన్న సరుకు. నాలుగు పాళ్ళ రసానికి సుమారు ఒక పాలు. దెబ్బకు ఈస్టు చచ్చిపోతుంది. మిగిలిన తీపి మిగిలినట్టే ఉండిపోతుంది. దీన్నే పోర్ట్ అంటారు. నది సముద్రంలో కలిసే చోట పోర్టో అనే పట్నం ఉంది, ఆ పేరే దీనికి వచ్చింది. కల్లులో మత్తు 4, 5 శాతం చుట్టుపక్కల ఉంటే, మామూలు వైన్‌లో 12, 13 ఉంటుంది. పోర్ట్‌లో 19 నుంచి 22! తియ్యగా ఉంది కదా అని గ్లాసు నింపుకుంటే అంతే సంగతులు.

ఇది పాఠం. రుచి సంగతి మా అత్తమ్మ చెప్పింది.

మా మరిది కొడుకు ఓడ మీద వంటల కొలువు చేస్తాడు. మొన్న దసరాకు వస్తూ చిన్న పోర్ట్ సీసా తెచ్చాడు. మా దగ్గర దసరా అంటే కల్లు లేని ఇల్లుండదు. బోనాలకు అమ్మవారికి సాక పోసేదీ కల్లే. మా అత్తమ్మకు డెబ్బై అయిదు దాటాయి. ఏ తాటి కల్లు ఏ నెలలో దిగుతుందో నోటి లెక్క. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని మూడు పేర్లు చెప్పి, ఒక్కోదానికి ఒక్కో కాలం, ఒక్కో రుచి అని విడమర్చి చెబుతుంది. ఈతకల్లు మళ్ళీ వేరు. ఆమె స్టీలు గ్లాసులో రెండు గుటకలంత పోయించుకుని, ముందు వాసన చూసింది. తర్వాత నాలుక మీద ఆడించింది. మా అమ్మాయికి కాలేజీలో నేర్పింది సరిగ్గా ఇదేనట!

"ద్రాక్షపండ్ల పానకం లెక్కనే ఉన్నదిర. దిగినంక మాత్రం కడుపుల అగ్గి పెడ్తున్నది" అంది. ఆ తర్వాత అడిగింది అసలు ప్రశ్న. "ఇది ఎవరి తోటది? ఎవరు తీసిన్రు? మందు గిన కలిపిన్రా ఏంది?"

మా మరిది కొడుకు నవ్వాడు గానీ నేను నవ్వలేదు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. గౌడన్న మోకు కట్టుకుని, ముస్తాదు వేసుకుని ఎక్కి గీసిన చెట్టు కల్లు వేరు, నీళ్ళలో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపి అమ్మే మందుకల్లు వేరు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు, ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. కూలి చేసుకుని వస్తూ ఒక సీసా తాగిన ఆడవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఎవరి తాడుదో తెలియని కల్లు ముట్టకూడదని అత్తమ్మ ఎప్పుడూ అనే మాటే.

ఇక పోర్చుగల్ వాళ్ళ ముచ్చట వినండి. వాళ్ళకూ ఈ కల్తీ గోల తప్పలేదు. 1703లో ఇంగ్లండుతో ఒప్పందం కుదిరి, పోర్ట్ అక్కడికి పీపాల కొద్దీ పోవడం మొదలైంది. గిరాకీ పెరిగితే ఏమవుతుంది? రంగు కోసం ఎల్డర్ అనే చెట్టు కాయల రసం పిండారు, తీపి కోసం చక్కెర పోశారు. తాగేవాళ్ళకు నమ్మకం పోయింది, ధర పడిపోయింది, రైతు మునిగాడు. అప్పుడు పోంబాల్ అనే మంత్రి 1756లో ఒక కంపెనీ పెట్టించి, ఏ పొలం ద్రాక్షతో పోర్ట్ చెయ్యాలో హద్దులు గీయించాడు. గీయించడమంటే కాగితం మీద కాదు. మన గట్టురాళ్ళలాగా మూడు వందలకు పైగా రాళ్ళు పాతించాడు. ఆ కొండల్లో ఎల్డర్ చెట్లన్నీ పెరికించేశాడు. వైన్ కోసం హద్దులు పెట్టి, వాటిని ప్రభుత్వమే కాపలా కాయడంలో లోకంలో ముందు వరసలో నిలిచింది ఆ ప్రాంతమే. పాత రాళ్ళు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఇవాళ్టికీ అసలైన పోర్ట్ సీసా మెడ మీద అక్కడి సంస్థ ముద్ర వేసిన కాగితం పట్టీ ఉంటుంది. గోవాలో పోర్ట్ వైన్ అని చవకగా అమ్మేదానికి ఆ పట్టీ ఉండదు. అది మన దేశంలో చేసిన తియ్యటి వైన్, పేరు మాత్రమే అరువు.

మన చెట్టు కల్లుకు అలాంటి పట్టీ ఏదీ? నీరాకైతే 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వమే ఒక కేఫ్ తెరిచింది. ఊళ్ళో కల్లు తాగే మనిషికి మాత్రం ఇప్పటికీ గౌడన్న ముఖమే ముద్ర.

ఇంకొక సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ డౌరో లోయలో 1811లో పుట్టిన ఒక ఆడమనిషి కథ. పేరు డోనా అంతోనియా ఫెరెయిరా. 33 ఏళ్ళకే భర్త పోయాడు. చిన్నపిల్లలు, చేతి నిండా తోటలు. లెక్కలు తనే చూసింది, బేరాలు తనే ఆడింది. సాల్దాన్యా అనే డ్యూక్, దేశంలో అంతా చెయ్యెత్తి దండం పెట్టే మనిషి, ఈమె కూతుర్ని తన కొడుక్కి చేసుకుంటానన్నాడు. ఆ పిల్లకు అప్పటికి పట్టుమని పన్నెండేళ్ళు కూడా లేవు! ఆస్తి మీద కన్ను అని వేరే చెప్పాలా? అంతోనియా ఒప్పుకోలేదు. పిల్లను తీసుకుని మారువేషంలో దేశం దాటి లండను చేరింది. తర్వాత తోటలకు వేరుపురుగు పట్టి డౌరో అంతా ఎండిపోతున్న రోజుల్లో, పడావుగా పడి ఉన్న వందల ఎకరాలు కొని కొత్త తోట నాటించింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. 1861లో నదిలో పడవ బోల్తా కొట్టి తోటి ప్రయాణికుడు, పేరున్న ఇంగ్లీషు వర్తకుడు ఫారెస్టర్ మునిగిపోయాడు. ఈమె కట్టుకున్న గొడుగులాంటి పెద్ద గౌను నీళ్ళ మీద తేలి బతికించిందని అక్కడ చెప్పుకుంటారు. 1896లో పోయింది. అక్కడి వాళ్ళు ఇప్పటికీ ఆమెను ముద్దుగా ఫెరెయిరీన్యా అంటారు, అంటే మన చిన్న ఫెరెయిరమ్మ అన్నమాట.

ఈ కథ అమ్మాయి చెబుతుంటే మా వారు పేపరు అడ్డం పెట్టుకుని వింటూనే ఉన్నారు. పేపరు దించకుండానే, "పరీక్షెప్పుడంట?" అన్నారు. అంతకంటే ఆయన నోటి నుంచి రాదని పాతికేళ్ళ కాపురంలో నాకు తెలుసు. ఆ రాత్రి మూసిన పుస్తకం మళ్ళీ తెరిచాం.

నాకు మరీ నచ్చింది మాత్రం విన్యో వెర్దె. పేరుకు పచ్చ వైన్ అని అర్థం. రంగు పచ్చ కాదు, లేతది, ఆ ఏడుదే అని. దేశం వాయవ్య మూలన వానలు బాగా పడే చోట చేస్తారు. అక్కడ కమతాలు చిన్నవి. ఉన్న కాస్త పొలంలో ద్రాక్ష వేస్తే తిండిగింజలెలా? అందుకని పాతకాలంలో పొలంలో మొక్కజొన్న, చిక్కుడు వేసుకుని, ద్రాక్షతీగను గట్టు మీది చెట్లకు ఎక్కించేవాళ్ళు. మన దగ్గర పొలంలో వరి, గట్టు మీద తాడు ఉన్నట్టు! నిచ్చెనలేసుకుని పైకెక్కి గుత్తులు కోసేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా కింద తీగలకే పాకిస్తున్నారు. ఈ వైన్‌లో మత్తు తక్కువ. నాలుక మీద కాస్త చురచురమంటుంది, పొద్దుటి కల్లు నురగలా. నిలవ పెట్టకుండా కొత్తగానే తాగేస్తారు.

మదైరా అని ఇంకొకటుంది. మన మదిరకూ దీనికీ చుట్టరికం లేదు. వాళ్ళ భాషలో మదైరా అంటే కలప. అడవులు దట్టంగా ఉన్న దీవి కాబట్టి ఆ పేరు. పూర్వం ఈ దీవి వైన్‌ను ఓడల్లో వేసుకుని ఎండ దేశాల మీదుగా పోతుంటే, ఆ వేడికి పాడవ్వాల్సింది పోయి రుచి పెరిగిందట. ఇప్పుడు ఓడలెక్కించకుండా తొట్లలోనే 45, 50 డిగ్రీల దాకా వేడి పెట్టి మూడు నెలలైనా ఉంచుతారు. మేలు రకాన్ని అటకల మీద పీపాల్లో ఏళ్ళ తరబడి వదిలేస్తారు. మా కట్టంగూరు మే నెలలో డాబా మీద పెట్టినా సరిపోతుందేమో!

దక్షిణాన అలెంతేజు అనే చోట మట్టి బానలే వాడతారు. మనిషెత్తు బానలు, వాటిని తాల్యా అంటారు. ద్రాక్ష అందులోనే పులిసి, అందులోనే తేరుకుంటుంది. నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండగ నాడు మొదటి బాన తెరుస్తారు.

ద్రాక్ష పేర్లు వింటే నవ్వొస్తుంది. ఆ చిన్న దేశంలో సొంత రకాలే 250 దాకా ఉన్నాయట. ఒకదాని పేరు గొర్రెతోక. ఇంకొకటి కుక్క గొంతు నులిమేది, అంత పులుపన్నమాట! సీసా మూతికి కొట్టే బెండు కూడా వాళ్ళదే ఎక్కువ. ఒక జాతి ఓక్ చెట్టు బెరడు అది. చెట్టుకు పాతికేళ్ళు వచ్చేదాకా ముట్టుకోరు. ఒకసారి ఒలిస్తే మళ్ళీ తొమ్మిదేళ్ళు ఆగుతారు. ఒలిచిన ఏడాది అంకె చెట్టు మీదే రంగుతో రాస్తారు. చెట్టు చావదు.

ఇప్పుడు మనకు పనికొచ్చే ముక్క. పిల్లలు అమెరికాలో, యూరపులో ఉండి మనల్ని పిలిచినప్పుడు, ఎవరింటికో భోజనానికి వెళ్తే బల్ల మీద ఇవి ఎదురవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో, ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ మద్యానికి లేదని స్పష్టంగా చెప్పింది. బీపీ, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు అసలు జోలికి పోవద్దు. వద్దనుకుంటే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెడితే చాలు, అక్కడెవరూ బలవంతం చెయ్యరు. సీసా మీద టింటో అని ఉంటే ఎరుపు, బ్రాంకో అంటే తెలుపు, సెకో అంటే తీపి లేనిది, డోసే అంటే తీపి. మన కారం కూరల మీద ఘాటైనది తాగితే మంట ఇంకా రేగుతుందని పాఠంలోనే ఉంది. తెరిచిన విన్యో వెర్దె ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే. పోర్ట్ మాత్రం కొన్ని వారాలు ఆగుతుంది.

వంట లేకుండా ముగిస్తే మీరు ఊరుకోరు కదా. హోటళ్ళలో విందాలూ అని పెడతారు. అందులో ఆలూ లేదు! వైన్, వెల్లుల్లి అని అర్థం వచ్చే పోర్చుగీసు మాట నలిగి అలా అయ్యింది. ఓడల్లో మాంసం నిలవ ఉండడానికి వాళ్ళు వైన్‌లో, వెల్లుల్లిలో నానేసేవాళ్ళు. 1510లో గోవా పట్టుకున్నాక ఇక్కడ ద్రాక్ష వైన్ ఎక్కడిది? కొబ్బరికల్లు పులియబెట్టిన వెనిగర్ పోశారు, మన మసాలా, మిరపకాయ కలిశాయి. ఆ కల్లుతోనే గోవా వాళ్ళు సన్నాలని ఇడ్లీల్లాంటివి పొంగిస్తారు.

అక్కడ పంది మాంసంతో చేస్తారు. మేం కోడితో చేసుకుంటాం. కిలో కోడికి పది పన్నెండు ఎండుమిరపకాయలు, పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, కాస్త పసుపు. వీటిని పావు కప్పు వెనిగర్‌తో మెత్తగా నూరాలి. కొబ్బరికల్లు వెనిగర్ దొరికితే సరే సరి, లేకపోతే మామూలుదే. ఉప్పు వేసి ముక్కలకు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపుకు గిన్నె లోహం కూరలోకి దిగుతుంది. మర్నాడు రెండు ఉల్లిపాయలు నూనెలో ఎర్రగా వేయించి, ముక్కలు మసాలాతో సహా వేసి మూతపెట్టి సన్న సెగ మీద ఉడికించాలి. కోడి తన నీళ్ళలోనే ఉడుకుతుంది, వేరే నీళ్ళు పొయ్యక్కర్లేదు. దించేముందు చిటికెడు బెల్లం వేస్తే పులుపు సర్దుకుంటుంది. చేసిన రోజు కంటే మర్నాడు జొన్నరొట్టెతో బాగుంటుంది.